వెలుగుతో వేయు అతుకు

ఇంట రాగిబిందెకు చిల్లి పడినచో మాటు వేయువానిని పిలిపింతుము. అతడు లోహమును కరగించి చిల్లిని పూడ్చును. సూదితోను దారముతోను అతనికి పని లేదు. తెగిన దేహభాగములను కూడ ఇట్లే వేడితో అతుకవచ్చునా?

రక్తనాళములను సన్నని సూదితో కుట్టి కలుపు పద్ధతిని అలెక్సిస్ కారెల్ 1902లో ప్రకటించెను. 1912లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నేటికిని కుట్టుదే పెత్తనము. కాని సూది దిగిన ప్రతిచోటును ఒక గాయమే. ప్రేవునకు వేసిన కుట్టు విడి, లోని మలినము ఉదరములోనికి కారెనా, రోగి ప్రాణమునకే ముప్పు. కడుపును పొడవుగా కోయక, చిన్న రంధ్రములగుండా పరికరములను పంపి చేయు శస్త్రచికిత్సలో ముడి వేయుట మరింత కష్టము.

1960లో థియొడోర్ మైమన్ తొలి లేజరును నిర్మించెను. 1979లో జైన్, గోరిష్ అనువారు ఆ కిరణముతో సన్నని రక్తనాళములను అతికినట్లు ప్రకటించిరి. ఇది ఎట్లు సాధ్యము? మన కణజాలములోని కొల్లాజెన్ అను మాంసకృత్తు పురి పెట్టిన త్రాడువలె నుండును. సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి ఆ పురి సడలును. ఇరువైపుల పోగులు పెనవేసికొని, చల్లారునపుడు పట్టుకొనును. బలము చాలనిచో నడుమ ఆల్బుమిన్ లేపమును పూయుదురు. ఉడికిన గ్రుడ్డులోని తెల్లసొనవలె అదియు గట్టిపడును. ఈ శాస్త్రము గృహిణులకు క్రొత్తది కాదు! లేపములో ఇండోసయనిన్ గ్రీన్ అను రంగును కలిపినచో, 800 నానోమీటర్ల ప్రాంతపు పరారుణ కిరణమును ఆ రంగే పీల్చుకొనును. ప్రక్కభాగములు అంతగా కాగవు. ఇటలీలోని ఫ్లారెన్సు పరిశోధకులు ఈ రంగుతోనే మనుష్యుల కంటి కార్నియాను అతికిరి.

చిక్కంతయు వేడి కొలతలోనే ఉన్నది. తక్కువైనచో అతుకదు, ఎక్కువైనచో కణజాలము మాడి, అతుకు కొన్నాళ్లకు ఊడును. ఆ తేడా కంటికి ఆనదు. ఎంతటి నిపుణుని చేయియైనను ఒకచోట క్షణము తడబడవచ్చును. యంత్రహస్తము అక్కరకు వచ్చునది ఇచ్చటనే. అది కిరణమును ఒకే దూరమున, ఒకే వేగముతో నడపగలదు. ఉష్ణమాపకము చెప్పినకొలది కిరణశక్తిని హెచ్చించుటయు తగ్గించుటయు యంత్రమునకు సులభము. స్విట్జర్లాండు పరిశోధకులు 2023లో లేపములోనే రెండు తెగల సూక్ష్మకణములను కలిపిరి: ఒకటి వేడెక్కుటకు, రెండవది ఎంత వేడెక్కినదో తెలుపుటకు. నా దృష్టిలో యంత్రహస్తముకంటె ఈ రెండవ కణమే గొప్పది.

అయినను ప్రేవుల విషయమున ఈ అతుకు ఇంకను సాధారణ చికిత్సలోనికి రాలేదు. 2022లో ప్రకటితమైన ప్రయోగములో పందుల ప్రేవులను చాలవరకు తనంతట తానే కలిపిన ‘స్టార్’ యంత్రము సైతము వాడినది సూదిదారములనే.