బిందెలోని యుంగరము

పెండ్లిపందిటిలో నీళ్లబిందెలో నుంగరము వేసి, వధూవరులచేత వెదకించు వేడుక మీ రెఱుగనిది కాదు. మా పెండ్లినాడు బిందెలో వేసినది మా యత్తగారి యుంగరము. అంతకుముందు వారి యత్తగారిది. ఈ మాఘమున మా మఱదికి పెండ్లి కుదిరినపుడు ఆ యుంగరమునే వేయుదమని పెట్టె తెఱచితిమి. చూడగా అఱచేతివైపు కట్టు దారమువలె నరిగి, యొకచోట బీటవారి యుండెను.

మొదట నొక నగల దుకాణమునకు కొనిపోతిమి. వారు తూచి, తరుగు తీసివేసి, మిగిలిన వెలకు యంత్రముపై చేసిన క్రొత్త యుంగరము నిచ్చెదమనిరి. అందు తప్పేమియు లేదు, వర్తకమట్టిదే. బడిపంతులుగారి సంసారము గనుక మాకును ఆ మాట నచ్చెను. మా యత్తగారు మాత్రము, "బంగారం ఎక్కడైనా దొరుకుతుందమ్మా. మా అత్తగారు నా వేలికి తొడిగిన ఉంగరం మళ్లీ దొరుకుతుందా?" అనిరి. మేము మాఱుపలుకలేకపోతిమి.

మఱునాడు మా పొదిలిలోనే కుంపటి ముందు కూర్చుండు నొక వృద్ధ స్వర్ణకారుని యొద్దకు పోయి, పని ముగియువఱకు నచ్చటనే యుంటిమి. ఆయన ముందుగా నుంగరమును గీటురాయిపై గీచి, వన్నె తెలిసిన కడ్డీల గీతలను దాని ప్రక్కన గీచి, ద్రావకపుచుక్క వేసి పోల్చెను. పాత బంగారము 22 కేరట్లకు కొంచెము తక్కువ. అదుకు వేయు ముక్క దానికంటె మేలైనను, తక్కువైనను రంగు కలియదట. కావున మూసలో బంగారమునకు తగినంత రాగిని, వెండిని చేర్చి, వెలిగారము చల్లి కరగించెను. ఆ ముద్దను పట్టెడపై సుత్తితో సాగగొట్టెను. కొట్టినకొలది బంగారము బిరుసెక్కి పగులును. అందుచే నడుమనడుమ నిప్పులపై కాల్చి మెత్తపఱచుచుండెను.

పిమ్మట అరిగిన భాగమును కోసివేసి, క్రొత్త ముక్కను వంచి యతికించెను. అతుకు లోహము ఉంగరముకంటె తక్కువ వేడికి కరుగవలెను. లేనిచో నతుకుకు ముందు ఉంగరమే కరగిపోవును. ఊదుగొట్టము నోటబెట్టి యాయన మంటను సూదిమొనవలె నడిపించుచుండగా మేము ఊపిరి బిగబట్టితిమి. ఒక్క క్షణమున అతుకు తళుక్కున పాఱెను. తర్వాత ఆకురాతితో రాచి, కుంకుడురసముతో తోమి యిచ్చెను. అతుకెచ్చటనో వ్రేలితో తడవినను తెలియలేదు.

పని నడుమ నాయన తన కులవృత్తి కథ చెప్పెను. 1963 జనవరిలో 14 కేరట్లకు మించిన బంగారముతో నగలు చేయరాదని ప్రభుత్వము నిబంధన విధించినపుడు దేశమున నెందఱో స్వర్ణకారులకు జీవనము పోయెను. ఆ నిబంధన తర్వాత సడలినను, నియంత్రణము 1968 నాటి చట్టరూపమున సాగి 1990లో రద్దయ్యెను. అప్పటికి చాల కుంపట్లు చల్లారినవి. ఆయన కుమారులు కూడ వేఱు పనులలో నున్నారు.

క్రొత్త నగ కొనునపుడు మన మేమఱరాదు. 2021 జూను 16 నుండి దశలవారిగా హాల్‌మార్కు నిర్బంధమైనది. భారత ప్రమాణాల సంస్థ గుర్తు, వన్నె, ఆఱక్షరముల సంఖ్య మూడును చూచుకొనవలెను. 22 కేరట్లకు 916 అని యుండును. అనగా వేయి పాళ్లలో 916 పాళ్లు బంగారము. అయితే ముద్ర వన్నెను చెప్పును గాని, ఆ నగ యెవరి వ్రేలినుండి యెవరి వ్రేలికి వచ్చినదో చెప్పదు.

సీతమ్మకు హనుమంతుడు చూపిన యానవాలు ఉంగరమే. దుష్యంతునికి శకుంతలను జ్ఞప్తికి దెచ్చినదియు, జాలరికి దొరకిన యుంగరమే. ఐర్లండులో గాల్వే నగరము చెంత పూర్వము క్లాడా యను జాలరిపల్లె యుండెను. రెండు చేతులు కిరీటము గల హృదయమును పట్టుకొన్నట్లుండు నచ్చటి యుంగరము 17వ శతాబ్ది చివరినుండి ప్రసిద్ధము. దానిని తల్లులు కూతుళ్లకిచ్చు నాచారము కలదట. దేశము వేఱైనను తల్లుల మనసొక్కటే!

మా యుంగరమునకు అయినది కొద్దిపాటి బంగారము, ఒకనాటి కూలి. మీ యింట నరిగిన యుంగరమున్నచో మార్పిడికి ముందొకసారి కుంపటి యొద్దకు కొనిపొండు. అది బాగుపడునో లేదో నిజాయితీగల పనివాడు చూడగానే చెప్పును.

మాఘమున పెండ్లి జరిగెను. బిందెలో రెండు చేతులు కలియబడి, చివఱకు క్రొత్తకోడలి చేతికే యుంగరము చిక్కెను. మా యత్తగారు దానిని తుడిచి యామె వ్రేలికి తొడిగిరి.