మాత్ర మింగితే మార్కులు వస్తాయా?

పరీక్షల రోజుల్లో విజయవాడ హాస్టళ్లలో రాత్రి రెండు దాటినా దీపాలు ఆరవు. ఆమధ్య మా పదో తరగతి కుర్రవాడొకడు క్లాసయ్యాక ఆగి, "మాస్టారూ, ఏదో మాత్ర ఉందట, వేసుకుంటే చదివిందంతా బుర్రకెక్కుతుందట. మా అన్నయ్య హాస్టల్లో చెప్పుకుంటున్నారు. నిజమేనాండీ?" అన్నాడు. అదే తరగతిలో మరొకడు డాక్టరు రాసిచ్చిన ఆ మాత్రనే రోజూ వేసుకుంటున్నాడు. ఆ సంగతి అడిగినవాడికి తెలియదు. ఒకే మాత్ర ఒకరికి మందు, ఇంకొకరికి ముప్పు ఎలా అవుతుంది?

మీరెప్పుడైనా అష్టావధానం చూశారా? బందరు హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, తిరుపతిశాస్త్రిగారితో కలిసి ఊరూరా అవధానాలు చేశారు. చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఇంకొకరు సందర్భం లేని మాటలతో అడ్డు తగులుతారు. అవధాని చెవులు మూసుకోడు. అన్నీ వింటాడు. కాని ఏ క్షణాన దేనికి ఎంత విలువ ఇవ్వాలో అంతే ఇస్తాడు.

మన మెదడు చేసేదీ ఇదే. మీరీ పేజీ చదువుతుండగా ఫ్యాను చప్పుడు, వీధిలో బస్సు హారను, మెడకు ఒరుసుకునే చొక్కా కాలరు, అన్నీ మెదడుకు చేరుతూనే ఉన్నాయి. ఏది ముందుకు రావాలో, ఏది వెనక ఉండాలో తేల్చడంలో నుదుటి వెనకనున్న మెదడు భాగానిది పెద్ద పాత్ర.

అక్కడి నాడీకణాల మధ్య సన్నని సందులుంటాయి. ఒక కణం డోపమిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలను సందులోకి వదులుతుంది. అవతలి కణం కబురందుకుంటుంది. తరువాత వదిలిన కణమే చాలావరకు వాటిని వెనక్కి లాక్కుంటుంది.

మన డెల్టాలో వరిచేను తలచుకోండి. ప్రకాశం బ్యారేజీ కాలువ నీరు మడవలోంచి చేలోకి వస్తుంది, అవతలి గండిలోంచి మురుగు కాలువలోకి పోతుంది. గండి పెద్దదైతే చేలో నీరు నిలవదు. మిథైల్‌ఫెనిడేట్ అనే మందు చేసేది ఆ గండికి కాస్త మట్టి వేయడమే. రసాయనం సందులో మరికొంతసేపు నిలుస్తుంది. (పోలికలో ఒక్క లోపం ఉంది. చేలో నీరు మురుగు పాలవుతుంది, మెదడులో రసాయనం బయల్దేరిన ఇంటికే తిరిగి చేరుతుంది.)

ఏడీహెచ్‌డీ అనే ఇబ్బంది ఉన్న పిల్లల్లో చాలామందికి దీనివల్ల మేలు జరుగుతుంది. వాళ్ల కంటిచూపు, వినికిడి పెరగవు. మాస్టారి మాట ముందుకొస్తుంది, ఫ్యాను చప్పుడు వెనక్కిపోతుంది, అంతే. వాళ్లు సోమరులు కారు, తెలివితక్కువవాళ్లూ కారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి పిల్లల్ని నేను బెంచీ ఎక్కించాను. అప్పుడు నాకీ సంగతి తెలియదు.

ఈ గుణం బయటపడింది కూడా అనుకోకుండానే. అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు తలనొప్పి తగ్గుతుందేమోనని కొందరు పిల్లలకు బెంజిడ్రిన్ ఇచ్చాడు. తలనొప్పి సంగతి అంతంతమాత్రమే గాని, 30 మందిలో సుమారు సగంమంది చదువులో ఒక్కసారిగా మెరుగయ్యారని 1937లో ప్రకటించాడు. పిల్లలు వాటికి 'లెక్కల మాత్రలు' అని పేరు పెట్టారట!

మరి సరిపడా నీరున్న చేలో గండి పూడిస్తే? వరి కుళ్లుతుంది. మెదడులోనూ ఆ రసాయనాలు మితిమీరితే ఎంపిక చెడుతుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 40 మంది ఆరోగ్యవంతులకు ఒకసారి ఇలాంటి మందులు, ఒకసారి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, సంచి నింపే లెక్కలు చేయించారు. ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మందు వేసుకున్నప్పుడు ఎక్కువసేపు శ్రమపడ్డారు, వస్తువులను ఎక్కువసార్లు తీసి పెట్టారు. సంచిలో చేరిన విలువ మాత్రం తగ్గింది. మామూలుగా సగటుకన్నా బాగా చేసేవారు మందుతో సగటుకన్నా కిందికి జారే ధోరణి కనిపించింది. పైగా ఈ మందులతో ఆకలి మందగిస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, నిద్ర చెడుతుంది. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కదా! మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు.

టీ, కాఫీల మాటేమిటంటారా? మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని 'ఇక పడుకో' అని కబురు పెడుతుంది. కెఫీన్ ఆ కబురును అందనివ్వదు. కబురు ఆగుతుంది గాని అలసట ఆగదు. రాత్రి 10 గంటలకు తాగిన కాఫీలోని కెఫీన్ తెల్లవారుజామున 3 గంటలకు కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది.

ఇదంతా విని ఆ కుర్రవాడు, అన్నయ్యకు చూపిస్తాను, సంచి లెక్క ఒకటి రాసివ్వమన్నాడు. ఇదిగో, మీరూ చేయండి. సంచి 10 కిలోలే మోస్తుంది. వేరుశనగ పప్పు 6 కిలోలు, 660 రూపాయలు. చింతపండు 3 కిలోలు, 310. మామిడిపళ్లు 5 కిలోలు, 500. బెల్లం 5 కిలోలు, 480. ఏ మూటనూ విప్పకూడదు. సంచిలో ఎక్కువ విలువ చేరాలంటే ఏవి వేయాలి? 970 వచ్చిందా? అయితే ఇంకోసారి చూడండి.