క్లిప్పులు తీసేశాక పళ్ళు మళ్ళీ వంకర పోతున్నాయా?

మీ అమ్మాయికి ఎత్తుపళ్ళని పదో తరగతిలో క్లిప్పులు వేయించారు. రెండేళ్ళు నెలనెలా డాక్టరు చుట్టూ తిరిగారు. జంతికలు, చెరుకు, పచ్చి జామకాయ కొరకనివ్వకుండా కాపలా కాశారు. తీగ తీసేసిన రోజున అమ్మాయి అద్దం ముందు నుంచి కదలలేదు. మీకూ కడుపు నిండినట్టయింది. తర్వాత ఇంజనీరింగులో చేరి హాస్టలుకు వెళ్ళింది. సంక్రాంతికి ఇంటికొచ్చి నవ్వితే, పైవరసలో ఒక పన్ను కాస్త మెలి తిరిగింది. కింది పళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. "ఇంత డబ్బు పోసినా ఆ డాక్టరు సరిగా చేయలేదు" అని మీరు. "రాత్రిళ్ళు పెట్టుకోమన్నది పెట్టుకున్నావా నువ్వు?" అని వాళ్ళ నాన్నగారు. అమ్మాయి నవ్వడం మానేసింది.

తప్పెవరిదో తేల్చే ముందు పన్ను సంగతి కాస్త తెలుసుకోండి. గోడలో దిగ్గొట్టిన మేకులాగా పన్ను ఎముకలో బిగిసి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. పన్ను వేరుకూ ఎముకకూ మధ్య దాదాపు పావు మిల్లీమీటరు మందాన నారల పొర ఒకటి ఉంటుంది. ఊయలను తాళ్ళు పట్టుకున్నట్టు ఆ నారలే పన్నును పట్టుకుని ఉంటాయి. తీగ పన్నును ఒక పక్కకు నెడితే ఆ పక్క ఎముక కరుగుతుంది, వెనక ఖాళీ అయిన పక్క కొత్త ఎముక పుడుతుంది. తీగ తీసేనాటికి ఈ కొత్త ఎముక ఇంకా లేతగానే ఉంటుంది. వేరు చుట్టూ నారలు సర్దుకోవడానికి మూడు నాలుగు నెలలు, చిగుళ్ళలోని మామూలు నారలకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. పన్ను మెడ చుట్టూ చిగురులో ఉండే సాగే నారలున్నాయే, అవి మాత్రం మొండివి. ఏడాది దాటినా బిగువు తగ్గక, సాగదీసిన రబ్బరులాగా పన్నును పాతచోటికే లాగుతుంటాయి. మెలి తిరిగిన పన్నును తిప్పి సరిచేస్తే అది తొందరగా వెనక్కి తిరిగేది అందుకే. ముందు పళ్ళ మధ్య మూసిన సందు మళ్ళీ తెరుచుకోవడమూ మామూలే.

అందుకే తీగ తీసిన వెంటనే రిటైనరు ఇస్తారు. అంగిలికి ఆనే ప్లాస్టిక్ పలక, పళ్ళ ముందు ఒక తీగ ఉండే రకాన్ని అమెరికాలో చార్లెస్ హాలీ అనే దంతవైద్యుడు 1919లో వివరించాడు; నేటికీ అదే వాడుతున్నాం. గాజులాగా కనబడే పల్చని తొడుగులు మరో రకం. కింది ముందుపళ్ళ వెనక సన్నని తీగను అంటించేది ఇంకొకటి.

ఎన్నాళ్ళు పెట్టుకోవాలి? మొదటి కొన్ని నెలలు ఎంతసేపో మీ డాక్టరు చెబుతారు. ఆ తర్వాత రాత్రిపూట. ఎన్నేళ్ళు అంటారా, పళ్ళు వరసగా ఉండాలని ఎన్నేళ్ళు కోరుకుంటే అన్నేళ్ళు! ఇది అతిశయోక్తి కాదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం, పళ్ళు తీయించి వరస సరిచేయించుకున్నవారిని రిటైనరు మానేసిన పదేళ్ళకు పరిశీలించి 1981లో ఫలితాలు ప్రకటించింది. కింది ముందుపళ్ళు బాగా నిలిచినవారు నూటికి ముప్పయిమంది కూడా లేరు. అసలు క్లిప్పులే వేయించుకోనివారికీ వయసుతో కింది పళ్ళు ఇరుకవుతాయి. మీ పళ్ళే ఓసారి అద్దంలో చూసుకోండి.

ఇక్కడ మా వాళ్ళ పొరపాటూ ఉంది. తీగ తీసేరోజు సంతోషంలో ఈ మాటను అరనిమిషంలో చెప్పి పంపేస్తాం. అది ఆ పిల్ల చెవికెక్కదు. దోషమంతా ఆమె మీద వేయకండి. అలాగే జ్ఞానదంతాలు వెనకనుంచి నెట్టాయని వాటిని పీకించడానికీ పరుగెత్తకండి. కింది పళ్ళు ఇరుకు కావడానికి అవే కారణమని పరిశోధనల్లో రుజువు కాలేదు.

రిటైనరును వేడినీళ్ళలో వేశారో, వంకర పోతుంది. చన్నీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు. భోజనానికి తీసి కాగితంలో చుట్టి పళ్ళెం పక్కన పెడితే ఎంగిలాకుతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. ఎక్కువ రిటైనర్లు పోయేది ఇలాగే. దాని డబ్బా ఎప్పుడూ సంచిలోనే ఉండాలి. అంటించిన తీగ అయితే దాని చుట్టూ గార పడుతుంది, శుభ్రం తప్పదు. ఒక కొస ఊడినా నొప్పి ఉండదు, ఈలోగా పన్ను జరిగిపోతుంది. కనుక అప్పుడప్పుడు చూపించుకోవాలి.

నాలుగు రోజులు మానేసి పెట్టుకుంటే బిగుతుగా ఉంటుంది. పూర్తిగా కూర్చుంటే పెట్టుకుని రాత్రి నిద్రపోవచ్చు. కూర్చోకపోయినా, బాగా నొప్పి పుట్టినా బలవంతంగా నొక్కకండి, ఇంట్లో పటకారుతో తీగ వంచకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కొద్దిగా జరిగిన పళ్ళను కొత్త తొడుగులతో సరిచేయవచ్చు. ఎక్కువైతే మళ్ళీ క్లిప్పులే, అయితే మొదటిసారి పట్టినంత కాలం చాలామందికి పట్టదు. నలభై దాటిన పెద్దవాళ్ళకు ముందుపళ్ళు విచ్చుకుంటూ, చిగుళ్ళనుంచి రక్తం వస్తుంటే మాత్రం అది వేరే జబ్బు. ముందు చిగుళ్ళకు వైద్యం చేయించాలి.

అమ్మాయి హాస్టలుకు తిరిగి వెళ్ళకముందే, ఈ సెలవుల్లోనే ఓసారి చూపించండి. పాత రిటైనరు ఏ సొరుగులో ఉందో వెతికి, అదీ వెంట పట్టుకెళ్ళండి.