ముఖం చూపని చిత్రం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో బాలికలను దేవతకు అంకితమిచ్చిన బసివి ఆచారాన్ని గూర్చి డాక్యుమెంటరీ తీయబూనిన వారికి మొదటి చిక్కు ముఖమే. 1988 నాటి రాష్ట్ర శాసనం అంకితాన్ని నిషేధించినది గాని, ఊరి నిందను నిషేధించలేదు గదా! తెరపై ముఖాన్ని మసకబరిచితే బాధితురాలే ముద్దాయివలె తోచును. అందుచేత యానిమేషనే మేలని మా అభిప్రాయం. 2021లో వచ్చిన డెన్మార్కు చిత్రం ‘ఫ్లీ’ ఒక ఆఫ్ఘన్ శరణార్థి అసలు పేరును, ముఖాన్ని దాచి, గీసిన బొమ్మలతో అతని గాథను చెప్పినది. అయితే ముఖం మార్చినంత మాత్రాన చాలదు. వీధి మలుపు, గడప రంగు, మెడలోని పూసలు కూడ మనిషిని పట్టియిచ్చును. ఇద్దరు ముగ్గురి ఇండ్లు కలిపి ఒక ఇల్లు గీయవలెను. పటంలో గ్రామం పేరు వేయరాదు. కొద్ది కుటుంబాలున్నచోట చుక్క పెట్టుట వేలెత్తి చూపుటే. ప్రతి బొమ్మను ముందుగా ఆమెకే చూపి, వద్దన్నదానిని తీసివేయవలెను.