తాతయ్య వంట చూపిన దారి

విజయవాడ–కాజీపేట రైలు మార్గంలోని మధిరలో చీరల కొట్టు యజమానికైనా, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే గృహిణికైనా ఇప్పుడు చేతిలోని ఫోనే రెండో దుకాణం కాగలదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల ఫొటోలు, ధరలు ఒకేచోట పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో ఇచ్చే ప్రకటనను చుట్టుపక్కల ఊళ్లవారికే కనిపించేలా పరిమితం చేసుకోవచ్చు.

ఇదే దారి సేవకూ పనికొస్తుందని తెలంగాణకు చెందిన నారాయణరెడ్డి నిరూపించారు.

2017లో మొదలైన ‘గ్రాండ్‌పా కిచెన్’ యూట్యూబ్ ఛానెల్‌లో ఆయన ఆరుబయట కట్టెల పొయ్యి మీద, పెద్ద పెద్ద గిన్నెల్లో వండేవారు. ఆ వంటంతా అనాథ పిల్లలకే. ఖర్చుకు వీడియోల ఆదాయం తోడైంది. పేట్రియన్ వేదిక ద్వారా దేశవిదేశాల ప్రేక్షకులూ విరాళాలు పంపారు. 2019 అక్టోబరులో 73 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసేనాటికి ఛానెల్ చందాదారులు 60 లక్షలు దాటారు.

అంత ఆదరణకు కారణం ఆర్భాటం కాదు. ఉల్లిపాయలు తరగడం నుంచి పిల్లలు కడుపునిండా తినేదాకా అంతా తెరమీదే కనిపించేది. తామిచ్చిన డబ్బు ఎటు పోయిందో దాతలకు కళ్లారా తెలిసేది.

స్థానిక సేవా సంస్థలు నేర్వాల్సింది ఇదే: సాయం అడిగే పోస్టుతోపాటు ఖర్చు లెక్కనూ పెట్టాలి. ఇచ్చేవారూ సంస్థ నమోదు వివరాలు, రసీదు అడగాలి. ఇక వ్యాపారానికైనా, సేవకైనా ఫోన్‌లో డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అందుకోసం ఎవరైనా పిన్ అడిగితే అది మోసమేనని గుర్తించండి.