చుక్కల్లో దొంగ చుక్కలు

నక్షత్రాలను ఫొటో తీయడానికి చీకటి ఒక్కటే చాలదు. కెమెరా చల్లగా ఉండాలి. లేదంటే లేని చుక్కలు పొడుస్తాయి

నక్షత్రాల కోసం కెమెరా షట్టర్‌ను నాలుగు నిమిషాలు తెరిచి ఉంచితే, ఆలోగా భూమి ఒక డిగ్రీ తిరుగుతుంది. ఫొటోలో ప్రతి నక్షత్రం చిన్న గీతగా సాగుతుంది. కానీ కొన్ని ఎరుపు, నీలం, ఆకుపచ్చ చుక్కలు మాత్రం సాగకుండా అలాగే నిలుస్తాయి. ఆకాశంలోనే కాదు, కింద నల్లటి కొండ మీద కూడా. అవే హాట్ పిక్సెల్స్.

ఇది వేడి చేసే మోసం. సెన్సర్‌లోని సిలికాన్ మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. వేడికీ అదే జరుగుతుంది. ఏది కాంతి వల్ల వచ్చిందో, ఏది వేడి వల్ల వచ్చిందో సెన్సర్‌కు తెలియదు. లోపమున్న పిక్సెల్‌లో ఈ లీకేజీ మరీ ఎక్కువ. పగటి ఫొటోలో కనబడని ఆ లోపం నిమిషాల తరబడి పోగై వెలుగు చుక్కగా తేలుతుంది. సెన్సర్ ఉష్ణోగ్రత సుమారు 6 నుంచి 8 డిగ్రీలు పెరిగితే చాలు, లీకేజీ రెట్టింపవుతుంది. అందుకే 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించిన లద్దాఖ్‌లోని హాన్లేలో, గడ్డకట్టే చలిలో బుద్ధిగా పనిచేసిన కెమెరాయే మే నెల రాయలసీమ రాత్రిలో యజమానికి చుక్కలు చూపిస్తుంది.

విరుగుడు కెమెరాలోనే ఉంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే, ఫొటో తీశాక షట్టర్ మూసి అంతే సేపు మరో ఫొటో తీస్తుంది. అందులో ఉండేవన్నీ దొంగ చుక్కలే. వాటిని అసలు ఫొటోలోంచి తీసేస్తుంది. చిక్కల్లా సమయమే. నాలుగు నిమిషాల పని ఎనిమిదవుతుంది. ఉల్కలు రాలే రాత్రి ఆ నాలుగు నిమిషాల్లోనే మంచి ఉల్క జారిపోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు దాన్ని ఆఫ్ చేసి, చివర్లో లెన్స్‌కు మూత పెట్టి పది, ఇరవై నల్లటి ఫొటోలు తీసుకుంటారు. అదే ఐఎస్‌ఓ, అదే సమయం, వీలైనంతవరకు అదే చలిలో. ఆ పని ఇంటికెళ్లాక చేస్తే లెక్క తప్పుతుంది. మధ్యమధ్య కెమెరాకు విశ్రాంతినిచ్చి, వెనక తెర ఆపేసినా వేడి తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్‌తో తుడిచేయడమూ తేలికే. కానీ ఒంటరి చుక్కనల్లా చెరిపే సాఫ్ట్‌వేర్ మసక నక్షత్రాలనూ మింగేస్తుంది.

ఈ బెడద హబుల్ టెలిస్కోపుకూ తప్పలేదు. అంతరిక్ష కణాల తాకిడికి దాని డిటెక్టర్లలో కొత్త హాట్ పిక్సెల్స్ పుడుతుంటాయి. ఎప్పుడూ చల్లగా ఉంచే ఆ డిటెక్టర్లను దాదాపు నెలకోసారి కావాలనే వెచ్చబెడతారు. దాంతో కొత్త లోపాలు చాలావరకు నయమవుతాయి. వేడి బయటపెట్టే జబ్బుకు అక్కడ వేడే మందు.