షోలాపూర్‌లో కాపురం పెట్టబోయేవాళ్లకు

పెళ్లయ్యో, మగ్గం పని దొరికో షోలాపూర్ వెళ్లేవాళ్లు భాష గురించి బెంగపడక్కర్లేదు. ఊరు మహారాష్ట్రలోనే ఉన్నా సాఖర్ పేట, అశోక్ చౌక్, దత్తనగర్ ఉన్న తూర్పు భాగంలో బేరసారాల నుంచి పెళ్లి పిలుపుల దాకా తెలుగులో నడిచిపోతాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి తరాల కిందట వెళ్లిన పద్మశాలీల వాడలివి. మాటలో మరాఠీ, కన్నడం కలిసి ఉంటాయి, కొన్నాళ్లకు చెవికి అలవాటవుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఇక్కడి కాగితాల్లో ఇంటిపేరు చివరికి వెళ్తుంది.

అలా ఇంటిపేరు చివర రాసుకున్నవాళ్లే ఢిల్లీ దాకా వెళ్లారు. 1980, 1984 ఎన్నికల్లో గంగాధర్ కుచన్, 1989, 1991లో ధర్మన్న సాదుల్, 1996లో లింగరాజ్ వల్యాల్ గెలిచారు. వరుసగా ఐదు లోక్‌సభ ఎన్నికల్లో ఈ మరాఠీ గడ్డ మీది సీటు తెలుగువాళ్లకే దక్కింది. మధ్యలో కాంగ్రెస్ పోయి బీజేపీ వచ్చినా ఎంపీ మాత్రం నేతింటివాడే.

ఊరి పాత కథకు వస్తే, రైలు ఇక్కడికి 1860లోనే వచ్చింది. 1877లో పుట్టిన జూనీ మిల్లుకు ఒకప్పుడు ఆసియాలోని పెద్ద మిల్లుల్లో ఒకటని పేరు. అది మూతపడి చాలా ఏళ్లయింది. 1930 మేలో గాంధీజీ అరెస్టు వార్త విని ఇక్కడి మిల్లు కార్మికులు రోడ్డెక్కితే, తెల్లదొరలు ఊరంతటా మార్షల్ లా పెట్టారు. ఆ ఆందోళనకు సంబంధించిన కేసులో 1931 జనవరి 12న నలుగురు షోలాపూర్‌వాసులను ఉరి తీశారు.

మహారాష్ట్రలో భౌగోళిక గుర్తింపు మొట్టమొదట పొందిన సరుకుల్లో షోలాపూర్ చాదర్‌ది ముందువరుస. ఆ చాదర్లు నేసే జకార్డు మగ్గం పక్కన కాసేపు నిలబడి చూడండి. మగ్గం పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలా తిరుగుతుంటాయి. ఏ పోగు లేవాలో, ఏది కిందే ఉండాలో చిల్లు చెబుతుంది. అట్టల వరుస మారిస్తే చాదర్ మీది నెమలి పోయి పువ్వు వస్తుంది.

ఇన్ని విశేషాల్లోనూ నన్ను ఎక్కువగా కదిలించేది ఆడవాళ్ల కష్టం. నేతపనితో గడవని ఇళ్లను నిలబెట్టింది బీడీయే. తునికాకు నానబెట్టి, రేకు అచ్చు పెట్టి కత్తిరించి, పొగాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, కట్టలు తీసుకెళ్లి బీడీ కంపెనీ బ్రాంచిలో అప్పజెప్పాలి. అలా బతికే ఆడవాళ్లు మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం వెంట ఏళ్ల తరబడి పోరాడి, ఊరి శివారు కుంభారిలో 10,000 ఇళ్లు సాధించుకున్నారు. ఆ కాలనీకి కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టారు. 2006 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఇళ్లు అప్పగించారు. తర్వాత రే నగర్ పేరుతో 30,000 ఇళ్ల పథకం మొదలైంది. అందులో 15,000 ఇళ్లు సిద్ధమయ్యాక, 2024 జనవరి 19న ప్రధాని మోదీ వాటిని అంకితం చేశారు. వాటిలోకి బీడీ, మరమగ్గాల కార్మికులతో పాటు చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్లు కూడా చేరారు. పేదలు సంఘం కట్టి ఇంత పెద్ద ఊరు నిలబెట్టుకోవడం కంటే గొప్ప రికార్డు నాకు కనబడదు.

వీలైతే రాఖీ పున్నమికి వెళ్లండి. మార్కండేయుడి రథోత్సవానికి పద్మశాలీ వాడలన్నీ వీధుల్లోనే ఉంటాయి. చుట్టాలంతా ఒకేచోట దొరుకుతారు కాబట్టి ఏ గల్లీలో అద్దె ఎంత, మగ్గం మీద కూలి ఎంత, వెయ్యి బీడీలకు ఎంత ఇస్తున్నారు అన్నవన్నీ అప్పుడే అడిగి తెలుసుకోవచ్చు. సామాను సర్దేది ఆ తర్వాతే.